ప్యాకెట్ నిండా డైమండ్లు

ముందే చెప్పేస్తున్నాను, ఇది నా తెలివితేటల కథ కాదు. ఉన్న తెలివంతా ఒకే రోజు ఖర్చయిపోయిన కథ. నిక్షేపంలాంటి ఇల్లందు సంతను రెండు గంటల్లో కురుక్షేత్రం చేసి, మీసాలు మెలేసిన పెద్దమనుషులను నేల మీద గొంతుక్కూర్చోబెట్టి, ఒక ముసలమ్మ చేత వజ్రం దొరికిందని కేకలు పెట్టించి, మా అత్తమ్మ ఇరవై ఏళ్లుగా సంపాదించుకున్న పేరును దాదాపు మట్టిలో కలిపిన ఘనకార్యం నాది. పోలీసులు రాలేదు. వచ్చి ఉంటే వాళ్లు కూడా తలా రెండు ప్యాకెట్లు కొనేవాళ్లని నా అనుమానం.

నేను పుట్టింది ఖమ్మం, మెట్టింది ఇల్లందు. మా ఆయన శీనుకు బాయిలో ఉద్యోగం. బాయి అంటే నీళ్లు తోడేది కాదు, బొగ్గు తోడేది. మా దగ్గర గనిని అలాగే అంటారు. మా అత్తమ్మ పేరు రాజమ్మ. ఆ పేరు చెబితే ఇల్లందు మనిషికి నోట్లో నీళ్లు ఊరకపోతే, ఆ రోజు అతనికి ఒంట్లో బాగాలేదని అర్థం. ఆవిడ చేసే డైమండ్లు అలాంటివి మరి.

ఆగండాగండి, మీరు కూడా అపార్థం చేసుకోకండి. ఇప్పటికే చాలామంది చేసుకున్నారు. డైమండ్లంటే మైదాలో కారం, ఉప్పు, వాము, కాస్త కాచిన నూనె వేసి గట్టిగా పిసికి, చపాతీలా ఒత్తి, కత్తితో ఏటవాలుగా కోసి, నూనెలో ఎర్రగా వేయించే ముక్కలు. నాలుగు మూలలు ఉంటాయి కాబట్టి డైమండ్లు. మీ ఇంట్లో కూడా ఆ పేరుతోనే పిలిచి ఉంటారు, డబ్బా ఎక్కి దొంగతనంగా తిని కూడా ఉంటారు.

అత్తమ్మ వాటిని డబ్బాల్లో నింపి, గంపలో పెట్టుకుని, బస్సెక్కి ఒక రోజు కారేపల్లి, ఇంకో రోజు ఇంకో ఊరు, ఇలా సంతలన్నీ తిరిగి అమ్మేది. ఇరవై ఏళ్లు అలా బస్సులెక్కీ దిగీ కుడి మోకాలు పాడైంది. సాయంత్రానికి అది పొంగిన పూరీలా తయారయ్యేది. నేను ఆముదం రాస్తుంటే "అబ్బా" అని కూడా అనేది కాదు, గోడవైపు చూస్తూ కూర్చునేది.

అలాంటి సమయంలో బూర్గంపాడు నుంచి ఫోనొచ్చింది. అక్కడ సత్యవతిగారని, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు, భద్రాచలం పోయే దారిలో మిఠాయి దుకాణం పెట్టారు. ఎవరి పెళ్లిలోనో మా అత్తమ్మ డైమండ్లు తిన్నారట. "మీ సంత రోజున నేనే వస్తాను, జనం ఎలా తింటున్నారో చూస్తాను. నచ్చితే వారం వారం మా ఆటోనే మీ ఇంటికొచ్చి సరుకు పట్టుకెళ్తుంది" అన్నారు. అంటే అత్తమ్మ ఇంట్లో కూర్చుని చేసుకోవడమే. బస్సు లేదు, గంప లేదు. ఆ ఫోన్ పెట్టేశాక అత్తమ్మ గంపను గోడవారగా జరిపింది. "గిది కుదిరితే మంచిగుండు బిడ్డా" అంది. మా అత్తమ్మ నోటి నుంచి ఏదైనా కావాలన్న మాట వినడం నాకు అదే మొదటిసారి.

కాబట్టి నేను కుదిర్చి తీరాలని నిర్ణయించుకున్నాను. నేనేమీ తక్కువ తిన్నదాన్ని కాదు. బీకాం. అందులో మార్కెటింగ్ అని ఒక పేపరు కూడా ఉండేది. ఆ పేపర్లో నాకు వచ్చిన మార్కుల ప్రస్తావన ఇక్కడ అనవసరం.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఊరి మీద ఒక ఆట పడింది. దాని పేరు బ్లాస్ట్ బహదూర్. ఫోన్లో ఆడేది. మీసాలాయన ఒకడు, చేతిలో తుపాకీ, వీపున మందుగుండు సంచి, ఎటు పోతే అటు ధనాధన్ పేలుళ్లు. గెలిస్తే డైమండ్లు వస్తాయి. వాటితో ఆ మీసాలాయనకు కొత్త చొక్కాలు, కొత్త తుపాకులు, నల్ల కళ్లద్దాలు కొనొచ్చు. మనకు ఒక చేతిరుమాలు కూడా రాదు, అది వేరే సంగతి.

ఊరంతా ఆ పేరే. కటింగ్ షాపు మీద "బహదూర్ కటింగ్" అని బోర్డు పడింది. అదే కత్తెర, అదే దువ్వెన, అదే మనిషి. కానీ బయటికొచ్చేవాళ్లు మాత్రం తలలెగరేస్తూ వచ్చేవాళ్లు. గొడుగుల మీద బహదూర్, బనీన్ల మీద బహదూర్. మా ఆయన బహదూర్ చెప్పులు కొనుక్కొచ్చి, మర్నాడు డ్యూటీకి అరగంట ముందే బయల్దేరాడు.

"ఏంది, ఇయ్యాల గింత జల్దీ?" అన్నాను.

"నేను కాదే, చెప్పులు నడుస్తున్నయి" అన్నాడు.

మూడో రోజు ఒక చెప్పు తెగింది. వేరే చెప్పయితే కొన్న షాపు మీదికి యుద్ధానికి వెళ్లే మనిషి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "నేనే సరిగ్గ నడవలేదేమోనే" అన్నాడు. చూశారా పేరు మహిమ! చెప్పు తెగితే తప్పు కాలిదయింది.

ఆ సాయంత్రమే శీను ఫోన్ పట్టుకుని మంచం మీద నిట్టూర్చాడు. "డైమండ్లు అయిపోయినయే. ఇంకొక్క పది డైమండ్లుంటే బతికిపోదును."

వంటింట్లోంచి అత్తమ్మ కేకేసింది. "డబ్బాల నిండ ఉన్నయి గదరా, తీస్కోని తిను! దానికి ఏడుసుడెందుకు?"

మా ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు. వాళ్లు అనేదీ డైమండ్లే, మేం చేసేదీ డైమండ్లే! ఇంత చిన్న సంగతి ఇంతవరకు ఎవరికీ తట్టలేదంటే దేవుడు దీన్ని నా కోసమే దాచిపెట్టాడనుకున్నాను. వెంటనే పొయ్యి దగ్గరికి వెళ్లాను.

"అత్తమ్మా, మన డైమండ్లను ప్యాకెట్లల్ల కడదాం. పైన పేరు అచ్చు కొట్టిద్దాం."

"ఏం పేరు?"

"బ్లాస్ట్ బహదూర్."

"ఎవడే వాడు? మీ ఖమ్మం దిక్కు సుట్టమా?"

"ఆట అత్తమ్మా. ఫోన్ల ఆడుతరు. శానా ఫేమస్."

"పిండి పిసికిండా?"

"ఎవరు?"

"వాడే, బహదూర్. పొయ్యి కాడ కూసున్నడా? నూనె సిట్లి చెయ్యి కాలిందా వానికి? మరి నా సరుకు మీద వాని పేరెందుకే?"

జవాబు లేనివాళ్లు పాఠం చెబుతారు కదా, నేనూ అదే చేశాను. బ్రాండ్ అంటే ఏమిటో, వినియోగదారుడి మనసు అంటే ఏమిటో చెప్పుకొచ్చాను. అత్తమ్మ జల్లిగంటెతో ముక్కలు తిప్పుకుంటూ విన్నది, అంటే వినలేదు. చివరికి అసలు మాట చెప్పాను. "సత్యవతిగారొచ్చే టయానికి మన గంప సుట్టు మంది ఉండాలె గదా. గా పేరుంటే మంది వస్తరు."

అత్తమ్మ చెయ్యి మోకాలి మీదికి పోయింది. కాసేపు నిమురుకుంది. "సరే" అంది. "కాని ఇను పిల్లా. ఇరవై ఏండ్ల సంది ఈ సంతల 'రాజమ్మ మోసం చేసింది' అన్నోడు లేడు. గా మాట ఒక్కరన్న అన్నరో, నువ్వు మళ్ల నా పొయ్యి దిక్కు రావొద్దు."

"అట్లెందుకంటరు అత్తమ్మా!" అని ఎగురుకుంటూ ప్రింటింగ్ షాపుకు పోయాను.

షాపు వెంకన్న బొమ్మ గీసి, గడ్డం గోక్కున్నాడు. "మీసాలు గట్లనే పెడితే కేసైతదేమో అక్కా."

"అయితే కొంచెం కిందికి వంచు."

వంచాడు. మా బహదూర్ ఎవరినో కాటికి సాగనంపి వచ్చినట్టు తయారయ్యాడు. పోనీలే, దిగులుగా ఉన్నా బహదూర్ బహదూరే అనుకున్నాను.

"కింద జాగ ఖాళీగున్నది. ఏమన్న రాయాలె గదా" అన్నాడు వెంకన్న. "లోపల ఏమున్నయి?"

"డైమండ్లు."

"ఎన్ని?"

"ప్యాకెట్ నిండా."

"గదే రాద్దాం తియ్!"

రాశాడు. ఎర్రటి అక్షరాలతో, చుట్టూ పసుపుపచ్చ నక్షత్రాలు వేసి, "ప్యాకెట్ నిండా డైమండ్లు!" అని. చదువరులారా, ఆ మూడు మాటల్లో ఒక్క అబద్ధం ఉందా? నన్ను బోనులో నిలబెట్టి అడిగినా ఇదే చెబుతాను.

ప్యాకెట్లు చాలా అయ్యాయి కాబట్టి సరుకు కూడా చాలా కావలసి వచ్చింది. అత్తమ్మకు మోకాలి నొప్పి. అందుకని ప్యాకెట్ల సరుకంతా నేనే చేశాను, కోయడానికి మాత్రం శీనును పక్కన కూర్చోబెట్టుకున్నాను. దొడ్డుప్పును, అంటే కల్లుప్పును, నీళ్లలో కరిగించి, గుడ్డలో వడగట్టి, ఆ నీళ్లతో పిండి తడపాలని అత్తమ్మ పద్ధతి. అంత ఓపిక నాకెక్కడిది? ఎలాగూ పిండిలోకే పోతుంది కదా అని గుప్పెడు ఉప్పు తీసి అలాగే చల్లేశాను.

సంత రోజు వచ్చింది. పదకొండింటికి సత్యవతిగారు వస్తామన్నారు. అత్తమ్మ తన చేతి సరుకు ఒక డబ్బా నింపుకుని అదే సమయానికి వస్తానంది. నేను తొమ్మిదింటికే గంప పెట్టుకుని, ఎండుమిరపకాయల రాశికీ వెదురు బుట్టలవాళ్లకూ మధ్య కూర్చుని గొంతెత్తాను. "బ్లాస్ట్ బహదూర్! ప్యాకెట్ నిండా డైమండ్లు! రావాలె రావాలె!"

వచ్చారు. అబ్బో, ఎలా వచ్చారని! డ్యూటీ దిగిన కార్మికులు, కాలేజీ పిల్లలు, ఆటోవాళ్లు, కూరగాయలకొచ్చిన ఆడవాళ్లు. ఒకరి భుజం మీంచి ఒకరు చెయ్యి చాపి తీసుకున్నారు. అరగంటలో సగం గంప ఖాళీ. నేను మనసులోనే బూర్గంపాడు, భద్రాచలం దాటి గోదావరి అవతలి ఊళ్లకు సరుకు పంపడం మొదలుపెట్టాను.

మొదట ఒక కాలేజీ అమ్మాయి వెనక్కి వచ్చింది. ప్యాకెట్ మీద బహదూర్‌కు మీసాలు లేవు, ముక్కు లేదు. పిన్నీసుతో గీకేసింది.

"అక్కా, కోడ్ ఏడుంది?"

"ఏం కోడ్ చెల్లె?"

"డైమండ్ల కోడ్. గీకితే నంబర్ కనపడాలె గదా. ఫోన్ల కొడితే డైమండ్లు పడతయి."

"లోపలున్నయే డైమండ్లు. తిను."

"నేను తింటే ఫోన్లకెట్ల పోతయి అక్కా?"

మా మార్కెటింగ్ పుస్తకంలో ఈ ప్రశ్న లేదు. నేను తల గోక్కుంటూ ఉండగానే సమ్మయ్య మామ వచ్చి పక్కన నిలబడ్డాడు. బాయిలో బొగ్గు పేల్చే పని చేసి రిటైరైన పెద్దాయన. నాలుగు ముక్కలు నోట్లో వేసుకుని నమిలాడు. తర్వాత కదలకుండా ఆకాశం వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమైంది మామా?"

"సూస్తున్న."

"ఏం సూస్తున్నవ్?"

"బ్లాస్ట్ ఎప్పుడైతదా అని."

"అది పేరు మామా..."

"పిల్లా, ముప్పై ఏండ్లు బాయిల బ్లాస్టింగ్ చేసిన. నేను మందు పెడితే భూమి దద్దరిల్లేది. నువ్వు బ్లాస్ట్ అని రాసినవు, నా నాలిక గూడ కదల్లే! గీ కారం మా మనుమరాలు పాలల్ల కలుపుకోని తాగుతది."

నిజం చెప్పాలంటే కారం కాస్త తగ్గించాను. పిల్లలు కూడా తింటారు కదా అని. బ్లాస్ట్ అన్న పేరు పెట్టి కారం తగ్గించడం ఎంత తెలివైన పనో అప్పుడు అర్థమైంది. "పేరు గొప్ప, ప్యాకెట్ దిబ్బ" అని మిరపకాయలామె గొణిగింది. నాకు వినబడేలాగే గొణిగింది.

ఇంతలో చూస్తే ఎదురుగా లచ్చవ్వ. అడవి దిక్కు పల్లె నుంచి ప్రతి సంతకూ ఇప్పపువ్వు, తేనె పట్టుకొచ్చే ముసలమ్మ. నేల మీద తువ్వాల పరిచి, నాలుగు ప్యాకెట్లు గుమ్మరించి, బియ్యంలో మట్టిగడ్డలు ఏరినట్టు వేళ్లతో జరుపుతూ కూర్చుంది.

"ఏం చేస్తున్నవ్ అవ్వా?"

"ఏరుతున్న బిడ్డా."

"ఏం ఏరుతున్నవ్?"

"డైమండ్లు. ముక్కుపుడకకు ఒకటి, మనుమరాలి కమ్మలకు రెండు. మిగిలినయి నీకే ఇస్త. నాకంత ఆశ లేదు."

"అవ్వా, గవే డైమండ్లు."

"గివి మైదా ముక్కలు."

"మైదా ముక్కలనే డైమండ్లంటరు అవ్వా!"

"అట్లనా? మా ఇంటాయన పేరు ముత్యాలు. మెడలేసుకోని తిరుగుతున్ననా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. నవ్విన నోళ్లే మరుక్షణం నా మీదికి తిరిగాయి. "అవ్ మల్ల, డైమండ్లేవి?" "కోడ్ ఏది?" "బ్లాస్ట్ ఏది?" అని మూడు వైపుల నుంచి మూడు ప్రశ్నలు. పదకొండు కావస్తోంది. సత్యవతిగారు ఏ నిమిషంలోనైనా దిగొచ్చు. బుర్ర అప్పటికే ఆగిపోయింది. నోరు ఒక్కటే పనిచేస్తోంది. ఆ నోటితో నేను అన్న మాట ఇది:

"ఉన్నయి! డైమండ్లు ఉన్నయి! పైపైన సూసి పారేస్తే ఏం తెలుస్తది? కొరికి సూడుర్రి!"

రుచి చూడండి అని నా భావం. మొదటి వరుస "కొరికి సూడాల్నంట" అంది. రెండో వరుసలో అది "కొరికితే దొరుకుతయంట" అయింది. మూడో వరుసకు చేరేసరికి "ముక్క లోపల దాసిపెట్టిండ్రంట!" అయింది. అంతే! మిగిలిన సగం గంప రెండు నిమిషాల్లో ఖాళీ. సంతకు సంత నేల మీద కూలబడింది. ఒక్కో ముక్క తీసుకోవడం, పుటుక్కున విరవడం, ఎండకు పెట్టి చూడటం, పారేయడం. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. వాటి వెనక మేకలు. నా సరుకు మొత్తం అమ్ముడుపోయింది, సమ్మయ్య మామ తప్ప మనిషన్నవాడు ఒక్కడు కూడా తినలేదు.

అప్పుడు మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. హమ్మయ్య, ఆదుకుంటాడనుకున్నాను. ఆయన నా చెవి దగ్గరికి వంగి, "నాకేమన్న రెండు ప్యాకెట్లు దాసినవా?" అన్నాడు.

"నిన్న నా పక్కన కూసోని కోసింది నువ్వే గదా! అండ్ల ఏమున్నదో తెల్వదా నీకు?"

"తెలుసనుకో. కాని ఇంతమంది ఎతుకుతున్నరంటే..." అని ఆగి, నా వైపు అనుమానంగా చూశాడు. "నాకు తెల్వకుంట ఏమన్న ఏసినవా?"

నేను సమాధానం చెప్పేలోపు లచ్చవ్వ నోట్లో 'కటుక్'మని శబ్దం.

"దొరికింది!" అని అరిచింది. "దొరికిందిరో!"

సంత అంతా ఒక్కసారి అటు తిరిగింది. లచ్చవ్వ రెండు వేళ్ల మధ్య తెల్లటి చిన్న రాయి. ఎండలో తళుక్కుమంది. నిజం ఒప్పుకుంటున్నాను, ఒక్క క్షణం నేను కూడా నమ్మాను. పాపం, అత్తమ్మ ముక్కుపుడక రాయి పిండిలో రాలిందేమో అనుకున్నాను. జనం అవ్వ చుట్టూ మూగారు. ఒకాయన తన మేకను ఇస్తాను, ఆ రాయి ఇమ్మన్నాడు. లచ్చవ్వ మేకను కింది నుంచి మీదికి చూసి, "రెండు" అంది.

"నూనె జిడ్డున్నది, కడిగి సూడాలె" అన్నాడు సమ్మయ్య మామ, పెద్దరికంగా. టీ కొట్టు నుంచి గిలాసలో నీళ్లు తెప్పించాడు. అందరి కళ్ల ముందు లచ్చవ్వ దాన్ని నీళ్లలో వేసింది. వేలితో కలిపింది. ఇంకా కలిపింది. తర్వాత చెయ్యంతా ముంచి వెతికింది. తలెత్తి అందరి ముఖాలూ చూసింది.

"ఏడ పోయింది?"

"మింగినవా అవ్వా?"

"మింగాలంటే నా నోట్ల ఉండాలె. గిలాసల ఏసినం గదా!"

సమ్మయ్య మామ గిలాస అందుకుని వెలుతురుకు పెట్టి చూశాడు. ఏమీ లేదు. ఒక గుక్క తాగాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు.

"ఉప్పగున్నది" అన్నాడు.

కరగని దొడ్డుప్పు! నా ఓపిక లేని గుప్పెడులోని రవ్వ! ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు. ఉప్పు చల్లిన నేను నీళ్లు నమిలాను.

లచ్చవ్వ లబలబలాడింది. "నా డైమండు నీళ్ల పాలైంది! నాకు నా డైమండు కావాలె!" మేకాయన మేకను వెనక్కి లాక్కున్నాడు. వెనక ఎవరో అరిచారు, "రాజమ్మ కోడలు మోసం చేసింది!" ఆ వెనక ఇంకెవరో దాన్ని కుదించారు. "రాజమ్మ మోసం చేసింది!"

సరిగ్గా అప్పుడే ఆటో ఆగింది. ఒక వైపు నుంచి సత్యవతిగారు, ఇంకో వైపు నుంచి డబ్బా చంకన పెట్టుకుని అత్తమ్మ దిగారు. దారిలో కనబడితే సత్యవతిగారే ఎక్కించుకున్నారట. ఆ మాట ఇద్దరి చెవులా పడింది. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, అత్తమ్మ ముఖం చూసిన ఆ క్షణంలో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇరవై ఏళ్లలో ఎవరూ అనని మాట, నా వల్ల, అదీ సత్యవతిగారి ముందు.

సత్యవతిగారు చుట్టూ చూసి, చెంగుతో ముక్కు మూసుకుని, "ఏవండీ రాజమ్మగారూ, ఇంతమంది కొన్నారు, ఒక్కళ్లూ తినటం లేదేంటండీ? మేకలు మాత్రం బాగానే తింటున్నాయి" అన్నారు.

అత్తమ్మ కింద పడి ఉన్న ప్యాకెట్ తీసింది. ఆవిడకు చదువు కొంచెమే వచ్చు. పెదవులు కదుపుతూ అక్షరం అక్షరం కూడబలుక్కుంది. "ప్యా... కె... ట్... నిం... డా..." పూర్తయ్యాక నా వైపు చూసింది. తిట్టు కోసం తల వంచి నిలబడ్డాను. తిట్టలేదు. జనం వైపు తిరిగింది.

"ఎవలన్నరు రాజమ్మ మోసం చేసిందని?"

అరిచినవాళ్లు పక్కవాళ్ల వెనక్కి జరిగారు.

"నిజమే అన్నరు. గిట్ల రాసుడు తప్పే. గిండ్ల ఏమీ లేదు. మైదా, కారం, ఉప్పు, వాము, నూనె. ఇగ ఇంకేం లేదు. ఇంకేమన్న ఉన్నదని ఎవ్వలు చెప్పినా నమ్మకుర్రి, నా కోడలు చెప్పినా సరే. కొన్నోళ్లందరికి పైసలు వాపసిస్తం. ఇగో, ఈ డబ్బాలకెల్లి తలా పిడికెడు ఊకెనే తిని పోండ్రి."

మూత తీసింది. వేడి వేడి వాము వాసన సంతంతా పాకింది. మొదట లచ్చవ్వే వచ్చింది, ఇంకా ముక్కు చీదుకుంటూనే. ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఏడుపు ఆగింది. రెండో చెయ్యి కూడా చాపింది.

"మరి ముక్కుపుడక సంగతేందవ్వా?" అన్నాడు శీను.

"ముక్కు సంగతి తర్వాత. ముందుగాల నోటికి పెట్టు" అంది.

సమ్మయ్య మామ నాలుగు ముక్కలు ఒకేసారి నమిలాడు. అది అత్తమ్మ చేతి కారం. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చెవులు కూడా ఎర్రబడ్డాయి. గిలాసలోని ఆ ఉప్పునీళ్లే గటగటా తాగేసి, "ఆ! ఇప్పుడైంది బ్లాస్టు!" అన్నాడు.

అంతే, పిడికిళ్లు చాచుకుంటూ అందరూ వచ్చారు. ఇందాక ఎండకు పెట్టి చూసినవాళ్లే కళ్లు మూసుకుని నమిలారు. పైసలు వాపసు తీసుకుంటామని వచ్చినవాళ్లలో సగంమంది, "వద్దులే, వచ్చే సంతకు రాజమ్మ చేసినయి ఇయ్యి" అని వెళ్లిపోయారు. సత్యవతిగారు ఒక ముక్క రుచి చూడటానికని తీసుకున్నారు. రుచి చూడటం చాలాసేపు సాగింది. డబ్బా అడుగు కనిపించాక తేరుకుని, "రాజమ్మగారూ, వచ్చే వారం నుంచి పంపండి. ఒకటి కాదు, నాలుగు డబ్బాలు. మా ఆటో మీ గుమ్మంలోకే వస్తుంది. ఆ ఏడుపుమొహం మీసాలాయన మాత్రం వద్దండీ బాబూ" అన్నారు.

అత్తమ్మ ఖాళీ డబ్బాను బోర్లించి దాని మీద కూర్చుంది. కాసేపటికి చూస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కుదుపుతోంది. ఏడుస్తోందేమో అని కంగారుగా దగ్గరికి పోయాను. నవ్వుతోంది! జరిగిందంతా శీను చెప్పేశాడట. "ఉప్పు రవ్వకు రెండు మేకలడిగిందా లచ్చి?" అంటూ, ఆపుకోలేక నవ్వుతోంది. నేనూ నవ్వాను. ఏడుస్తూ నవ్వాను.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. కానీ దుకాణంలో పెట్టాలంటే ప్యాకెట్ మీద ఏదో ఒకటి రాసి ఉండాలని సత్యవతిగారు కబురు చేశారు. ఈసారి అత్తమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టి, వెంకన్నకు తానే చెప్పింది.

"రాయి. ఇందులో ఏమీ లేదు."

"అమ్మా, గట్ల రాస్తే ఎవలు కొంటరు?"

"రాయి నాయనా. పెద్దగ రాయి. కింద సిన్నగ మైదా, కారం, ఉప్పు, వాము, నూనె అని రాయి. అంతే."

నాలోని బీకాం ఒక్కసారి లేచి నోరు తెరవబోయింది. అత్తమ్మ నా వైపు చూసింది. బీకాం కూర్చుంది.

మీరు నమ్మరు. బూర్గంపాడులో ఇప్పుడు ఆ సరుకు పేరే "ఏమీ లేదు". భద్రాచలం బస్సులు ఆగితే చాలు, కిటికీల్లోంచి చేతులు వస్తాయి. "అన్నా, రెండు ఏమీ లేదు ఇయ్యి!" ఊరి నుంచి వచ్చిన మనిషిని పెళ్లాం "ఏం తెచ్చినవ్?" అని అడిగితే, "ఏమీ లేదు" అంటే ఎగిరి గంతేసే ఇళ్లున్నాయి మా దిక్కున. ఇక పేరు పడ్డాక దొంగలు ఊరుకుంటారా? మొన్న శీను భద్రాచలం నుంచి ఎవరిదో నకిలీ ప్యాకెట్ ఒకటి పట్టుకొచ్చాడు. అచ్చం మా ప్యాకెట్ లాంటిదే, అదే రంగు, అవే అక్షరాలు. దాని మీద ఇలా ఉంది: "ఇందులో కూడా ఏమీ లేదు."

కనుక, పొయ్యి సాక్షిగా, బాణలి సాక్షిగా, సంత మైదానంలో ఆ రోజు కడుపు నిండిన మేకల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో నేను దేనికీ పేరు పెట్టను, ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోను. పోయిన నెల మా ఇంటికి ఒక పిల్లి వచ్చి చేరింది. మా ఆయన బహదూర్ అందామన్నాడు. నేను దాన్ని పిల్లి అనే పిలుస్తున్నాను. అది పిల్లల్ని పెట్టింది. వాటిలో తెల్లదొకటి పక్కింటివాళ్లకు నచ్చితే, "ఇది పిల్లి" అని చెప్పి మరీ ఇచ్చాను. ఇంతవరకు వాపసు తేలేదు.